సోనొబె గారికి వినికిడి పరీక్ష

మా ఒకుమినె ఊరి ఆరోగ్య కేంద్రంలో సోనొబె తొమియె గారి గొంతు వినపడని గది లేదు. ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ అక్కడ నర్సు. సూదులు వేసే నర్సు కాదు. ఏటా జరిగే ఆరోగ్య పరీక్షల్లో నడుం చుట్టుకొలత ఎక్కువొచ్చినవాళ్లను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టి, ఏం తినాలో ఏం తినకూడదో, రోజుకెంత నడవాలో చెప్పే నర్సు. మగవాళ్లకు ఎనభై అయిదు సెంటీమీటర్లు దాటితే ఆవిడ దగ్గర్నుంచి పిలుపు వస్తుంది. నేనూ అదే పని చేసే పోషకాహార నిపుణుణ్ణి. పేరు నుకుయి. చేరి ఆరేళ్లయింది కానీ నా గొంతు నా గదిలోనే సరిగ్గా వినపడదు.

ఊళ్లో అందరికీ ఆవిడంటే హడలు. ఆవిడ నీలం స్కూటరు వీధి మలుపు తిరిగిందంటే చాలు, రామెన్ నూడుల్స్ పులుసు అమ్మే కొట్లో బల్ల ముందు వరసగా కూర్చున్న మగవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు పక్కవాడి ముందుకు తోసేసేవారు. పక్కవాడు ఆ పక్కవాడి ముందుకు తోసేవాడు. చివరి కుర్చీవాడి ముందు అయిదారు గిన్నెలు పోగుపడేవి. తిట్లన్నీ వాడికి పడేవి.

ఆ ఏడు వసంతంలో జిల్లా కార్యాలయం నుంచి ఒక కాగితం వచ్చింది. జనానికి ఆరోగ్య సలహాలిచ్చే సిబ్బందికి మాట్లాడే నేర్పు ఎంత ఉందో కొలుస్తారట. ముందు ఒక్కొక్కరి సంభాషణ ఒకటి రికార్డు చేసి పంపమన్నారు. పంపాం. రెండు వారాలకు మినొవా గారని ఒక అధికారిణి ఫలితాలు పట్టుకుని వచ్చారు. నలభై ఏళ్లుంటాయి. బూడిద రంగు కోటు, మెడలో స్టాప్‌వాచీ, చేతిలో పెద్ద ఫైలు.

"సోనొబె గారూ, మీ రికార్డు ఇరవై నిమిషాలు. అందులో మీరు పద్దెనిమిది నిమిషాల యాభై సెకన్లు మాట్లాడారు," అన్నారు మినొవా గారు. "ఎదుట కూర్చున్న తోఫు కొట్టు అకుత్సు గారు 'ఆ' అని నలభై ఒక్కసార్లు, 'అలాగేనండి' అని పంతొమ్మిది సార్లు, 'నేనిక వెళ్లొచ్చా' అని ఒకసారి అన్నారు. అంతే."

"బాగానే మాట్లాడాడే! నిరుడు ఇన్నిసార్లు అనలేదు," అన్నారు సోనొబె గారు.

"ఆయన చేత మీరెందుకు మాట్లాడించలేదు?"

"మాట్లాడిస్తే అబద్ధాలు చెప్తాడమ్మా. ముప్పై నాలుగేళ్లుగా వింటున్నానుగా. 'ఒక్క గ్లాసే తాగుతానండి' అంటాడు. ఆ గ్లాసులో బంగారు చేపల్ని పెంచొచ్చు. అందుకని ఆయన వంతు కూడా నేనే మాట్లాడేస్తాను. టైము కలిసొస్తుంది."

మినొవా గారు ఫైల్లో ఏదో రాసుకున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. నా రికార్డులో నేను అయిదు నిమిషాలు, వచ్చినాయన అయిదు నిమిషాలు మాట్లాడామట. మిగతా పది నిమిషాలు ఇద్దరం కలిసి ఎంత తినాలో చూపించడానికి బల్ల మీద ఉంచిన ప్లాస్టిక్ చేప ముక్కను చూస్తూ కూర్చున్నామట.

జూన్ మూడో వారంలో అసలు పరీక్ష. రోగిలా నటించే మనిషినొకర్ని నగరం నుంచి పంపిస్తారు. మేము ఆ మనిషితో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. మినొవా గారు పక్కన కూర్చుని ముప్పై అంశాలకు మార్కులు వేస్తారు. ఇరవై వస్తే గట్టెక్కినట్టు. రాకపోతే మళ్లీ పరీక్ష దాకా జనంతో మాట్లాడే పని ఉండదు, పోస్టర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేసే పనే.

అవతలి మనిషిని మాట్లాడనివ్వాలన్నది మొదటి సూత్రం. 'కానీ' అనకూడదు. 'మానెయ్యండి' అనకూడదు. వేలు చూపించకూడదు. వాళ్లన్న మాటను మనం అర్థం చేసుకుని తిరిగి వాళ్లకే చెప్పాలి. ప్రశ్న అడిగాక ఏడు సెకన్లు నోరు మూసుకోవాలి. ఏం మార్చుకుంటారో చివరికి వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి.

"ఏడు సెకన్లా?" అన్నారు సోనొబె గారు. "ఏడు సెకన్లలో మనిషి రెండు కొరొక్కెలు మింగేస్తాడమ్మా! బంగాళాదుంప కూరినవి, నూనెలో దేవినవి!"

"ఇప్పుడు కూడా మీరు ఆగలేదు," అన్నారు మినొవా గారు, స్టాప్‌వాచీ చూస్తూ.

పోస్టర్లు చుట్టడమంటే సోనొబె గారికి ప్రాణం పోయినంత పని. అందుకని ఆ సాయంత్రం నుంచే సాధన మొదలుపెట్టారు. కనపడిన ప్రతి మనిషి మీదా.

మొదట దొరికినవాడు మా సెక్షన్ అధికారి కుబొదెరా గారు. పాపం స్టేప్లర్ కోసం మా గదిలోకి వచ్చారు.

"నా స్టేప్లర్ ఎవరైనా చూశారా?"

సోనొబె గారు కుర్చీ ఆయన వైపు తిప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మెత్తగా అన్నారు. "స్టేప్లర్ కనిపించక మీకు ఇబ్బందిగా ఉందన్నమాట."

"ఆ... అవును."

సోనొబె గారు ఆయన కళ్లలోకి చూస్తూ ఊరుకున్నారు. బల్ల కింద వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తున్నారని నాకు తెలుసు. కుబొదెరా గారికి తెలియదు. మూడో సెకనుకు మెడ తడుముకున్నారు. అయిదో సెకనుకు నా వైపు చూశారు. ఏడో సెకనుకు గదిలో లేరు. మర్నాడు కొత్త స్టేప్లర్ కొనుక్కున్నారు. మళ్లీ ఆ వారమంతా మా గడప తొక్కలేదు.

తర్వాత కూరగాయల కొట్టాయన. "ఇదిగోండి, ముల్లంగి తీసుకోండి, బాగుంది," అన్నాడాయన.

"ముల్లంగి బాగుందని మీకు అనిపిస్తోందన్నమాట," అన్నారు సోనొబె గారు. అని, ఊరుకుని, చూస్తూ నిలబడ్డారు.

కొట్టాయన నాలుగు సెకన్లు కూడా ఆగలేకపోయాడు. "తప్పయిపోయిందండీ. అది మొన్నటిది. ఇవాళ్టిది లోపలుంది, తెస్తానుండండి," అని పరిగెత్తాడు.

"ఇదేదో పనిచేసేలాగే ఉంది నాయనా," అన్నారు సోనొబె గారు నాతో.

ఇక ఇంట్లో భర్త ఉన్నారు, షోజిరో గారు. రైల్వే సిగ్నళ్ల విభాగంలో నలభై ఏళ్లు చేసి రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. మాట బహు తక్కువ. 'అన్నం', 'స్నానం', 'నిద్ర' అనే మూడు మాటలతో ఆయన సంసారమంతా ఈదుకొచ్చారని సోనొబె గారే అంటారు. ఆయనకు రోజూ ఎనిమిది వేల అడుగులు నడవమని ఈవిడ ఆజ్ఞ. నడుముకు అడుగులు లెక్కపెట్టే యంత్రం కూడా తగిలించారు. పొద్దున ఆ అంకె చూసుకుని ఈవిడ సంతోషించేవారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఏం జరిగిందో మర్నాడు ఆవిడే నాకు చెప్పారు.

"ఏమండీ, ఇవాళ రోజంతా మీకెలా గడిచింది?" అని అడిగారట.

షోజిరో గారి చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయట. భార్య ముఖంలోకి చాలాసేపు చూసి, మెల్లగా అన్నారట. "డాక్టరుగారు నీకేం చెప్పారు?"

"ఏ డాక్టరు?"

"దాచకు తొమియే. నాకెన్నాళ్లుంది?"

"మీకేం కాలేదండీ. ఊరికే అడిగాను."

"ముప్పై ఏళ్లలో నువ్వు ఊరికే ఏదీ అడగలేదు."

సోనొబె గారికి కోపం వచ్చింది. అయినా సాధన సాధనే. "మీకేదో అయిందని భయంగా ఉందన్నమాట," అని, నోరు మూసుకుని వేళ్లు ముడవడం మొదలుపెట్టారట. పాపం షోజిరో గారికి ఆ మౌనంతో ఉన్న అనుమానం కాస్తా తీరిపోయింది. పుల్లలు కింద పెట్టి, నిటారుగా కూర్చుని, పోయేముందు మనసులో బరువేదీ ఉంచుకోకూడదన్నట్టు ఒప్పేసుకున్నారు.

"ఆ ఎనిమిది వేల అడుగులూ నేను నడవలేదు."

సోనొబె గారు వేళ్లు ముడుస్తూనే ఉన్నారట.

"యంత్రం మోకాలికి కట్టుకుని కాలు ఊపేవాణ్ణి. టీవీలో సుమో చూస్తూ. మే నెల పోటీలు పదిహేను రోజులూ ఊపాను. గట్టి కుస్తీ పడితే పన్నెండు వేలు కూడా వచ్చేవి."

"నాయనా నుకుయీ," అన్నారు సోనొబె గారు నాతో, "తిట్టు నోటి దాకా వచ్చింది. టీపాయి ఎత్తి బోర్లా పడేద్దామనిపించింది. కానీ పరీక్ష! నేనేమన్నానో తెలుసా? 'అంటే మీరు కూర్చునే పన్నెండు వేల అడుగులు వేశారన్నమాట' అన్నాను. అని ఊరుకున్నాను. పళ్లు నూరుకుంటూ ఊరుకున్నాను."

"ఏమన్నారాయన?"

ఆవిడ టీ గ్లాసు తిప్పుతూ చెప్పారు. "ఒక్కడూ నడవాలంటే సిగ్గుగా ఉంటుందట. మిట్టమధ్యాహ్నం వీధిలో కనిపిస్తే, పనిలేనివాడు తిరుగుతున్నాడనుకుంటారట. నలభై ఏళ్లు పనికి తప్ప ఆ వీధిలో నడవలేదట ఆయన. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు."

"మీరెప్పుడైనా అడిగారా?"

"నువ్వు కూడా నాకు పరీక్ష పెడుతున్నావా? పో, పనిచూసుకో," అన్నారు.

ఆ సాయంత్రం నుంచి ఇద్దరూ కలిసి నడవడం మొదలుపెట్టారు. షోజిరో గారు భార్య సంచీ పట్టుకుని వెనకాల నడిచేవారు. చూసినవాళ్లు ఆయన కూడా ఆరోగ్య కేంద్రంలో చేరాడనుకుని, దండం పెట్టి, చేతిలో మిఠాయిలు వెనక దాచుకునేవారు. ఆయనకది బాగా నచ్చింది.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దుట్నుంచీ ఒకటే వాన. కొండ మలుపులో మట్టి జారి రైలు ఆగిపోయిందని, నటించే మనిషి రాలేదని ఫోన్ వచ్చింది. మినొవా గారు మాత్రం ముందురోజే వచ్చి సత్రంలో దిగారు కనక ఉన్నారు.

"ఎవరైనా స్థానికులు దొరుకుతారా?" అన్నారావిడ.

"మా చెప్పుల కొట్టు ఇవాసె ఉన్నాడండీ," అన్నారు కుబొదెరా గారు. "ఎలాగూ ఇవాళ ఇక్కడే ఉన్నాడు. వాళ్లావిడను ఎముకల పరీక్షకు తీసుకొచ్చాడు."

"నటించడం వచ్చా?"

"రావడం కాదండీ. ఆపడం రాదు."

ఇవాసె తొయొకిచి గారికి అరవై మూడేళ్లు. ఊరి నాటక బృందానికి నాయకుడు. ప్రతి శరదృతువులోనూ ఉత్సవం నాడు కవచం తొడుక్కుని యుద్ధవీరుడి వేషం వేసి చచ్చిపోతాడు. ఇరవై ఆరేళ్లుగా చస్తున్నాడు. పరీక్ష అనగానే మెరిసే కళ్లతో వచ్చి, మినొవా గారిచ్చిన పాత్ర వివరాల కాగితం అందుకుని పైకి చదివాడు.

"పేరు కుసునొకి. వయసు యాభై రెండు. లారీల కంపెనీలో గుమాస్తా. నడుం తొంభై మూడు. రోజూ మధ్యాహ్నం రామెన్ తిని, పులుసంతా తాగేస్తాడు. మార్చుకోవాలన్న ఆసక్తి లేదు." కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "ఈయన ఎలా చస్తాడండీ?"

"చావడండీ," అన్నారు మినొవా గారు.

"చివర్లో కూడానా?"

"చివర్లో ఇంటికెళ్తాడు."

ఇవాసె గారి ముఖం వాడిపోయింది. అయినా ఒప్పుకున్నాడు.

ముందు నా వంతు. నేను సూత్రాలన్నీ కంఠతా పట్టుకుని వెళ్లాను. నా దురదృష్టం అదే.

"నేను రామెన్ తింటాను," అన్నాడు ఇవాసె గారు, గొంతు బొంగురు చేసి.

"రామెన్ తింటారన్నమాట."

"పులుసు కూడా తాగుతాను."

"పులుసు కూడా తాగుతారన్నమాట."

"గిన్నె ఎత్తి, అడుగు కనపడేదాకా!"

"అడుగు కనపడేదాకా అన్నమాట."

ఇవాసె గారు ముందుకు వంగాడు. "నువ్వు చిలకవా?"

నాకు ముచ్చెమటలు పోశాయి. "నేను చిలకనేమోనని మీకు అనిపిస్తోందన్నమాట."

"అనిపించడం కాదు, ఖాయమే!"

"ఖాయమన్నమాట."

ఇరవై నిమిషాలూ అలాగే గడిచాయి. మధ్యలో ఇవాసె గారు మూడుసార్లు గుండె పట్టుకుని కుర్చీలోంచి జారాడు. మూడుసార్లూ మినొవా గారు, "కుసునొకి గారు చావరండీ," అని గుర్తు చేశారు.

తర్వాత సోనొబె గారు వెళ్లారు. ఇంకో మనిషి చూస్తూ ఉండాలన్న నిబంధన వల్ల నేను గది మూలన కూర్చున్నాను. సోనొబె గారు ఆ రోజు కొత్త తెల్ల చొక్కా వేసుకున్నారు. చూపుడు వేలికి ఒక బ్యాండేజీ చుట్టుకున్నారు. దెబ్బ తగిలి కాదు. వేలు చూపించబోతే గుర్తుకొస్తుందని.

"ఇవాళ రావడానికి వానలో ఇబ్బంది పడ్డారేమో," అని మొదలుపెట్టారు. నేను తెల్లబోయాను. ముప్పై నాలుగేళ్లలో ఆవిడ మొదటి మాట ఎప్పుడూ 'బరువెంత?' అనే.

ఇవాసె గారు ఈసారి పాత్రకు మెరుగులు దిద్దుకొచ్చాడు. తలవంచి, భుజాలు కదిలిస్తూ, "నా భార్య పోయి మూడేళ్లయిందండీ," అన్నాడు.

సోనొబె గారు తలుపు వైపు చూశారు. ఆయన భార్య ఫుసాయె గారు తలుపవతల బెంచీ మీద కూర్చుని బఠాణీ బిస్కెట్లు తింటున్నారు. ఆ కరకరలు మాకు వినపడుతూనే ఉన్నాయి.

"మీ భార్య... పోయారన్నమాట."

"పోయింది! ఆవిడ చేతి మిసో పులుసు కోసమే ఇప్పుడు కొట్ల వెంట తిరుగుతున్నాను. ఎంత ఉప్పగా ఉండేదో! సముద్రం లాగా!"

తలుపవతల కరకరలు ఆగిపోయాయి.

సోనొబె గారు చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉన్నారు. ఒకటి, రెండు, మూడు అని నేనూ లెక్కపెడుతున్నాను. నాటకాల మనిషికి మౌనమంటే ఒకటే అర్థం. ఎదుటివాడు మాట మర్చిపోయాడు, తానే ఏదో ఒకటి అందుకోవాలి. ఇవాసె గారు అందుకున్నాడు. లారీల కంపెనీ గురించి చెప్పాడు. ఆగాడు. సోనొబె గారు ఇంకా చూస్తూనే ఉన్నారు. యజమాని గురించి, లారీల రంగు గురించి, ఒక లారీ బోల్తాపడటం గురించి చెప్పాడు. ఆగాడు. ఆవిడ తల ఊపారు, అంతే. ఆయన దగ్గర కుసునొకి అయిపోయాడు. కాగితంలో ఇంకేమీ లేదు.

చేతి రుమాలు నలుపుతూ, ఈసారి తన మామూలు గొంతుతో అన్నాడు. "కవచం పట్టడం లేదండీ."

మినొవా గారు కాగితం తిప్పి వెతికారు. గుమాస్తాకు కవచమెక్కడిది?

"నిరుడే వీపు దగ్గర కట్టుకోలేకపోయాను. మా ఆవిడ పాత నడికట్టు ఒకటి మధ్యలో అతుకేసి కుట్టింది. ఈ ఏడు ఆ అతుకు కూడా చాలదు. మెట్లెక్కితే ఆయాసం. వేదిక మీద ఇదివరకు అయిదు నిమిషాలు చచ్చేవాణ్ణి. నిరుడు ఒక నిమిషంలో చచ్చిపోయాను. జనం బాగుందన్నారు. నాకు మాత్రం భయమేసింది."

సోనొబె గారు కదల్లేదు. వేళ్లు ముడవడం కూడా మానేశారు.

"మే నెలలో పరీక్ష చేయించుకున్నానుగా. ఆ ఫలితాల కవరు ఇంటికొచ్చింది. నేను తెరవలేదు. విగ్గుల పెట్టెలో అడుగున పెట్టాను. మా అన్నయ్య కూడా అరవై మూడులోనే..."

తలుపు దడాలున పక్కకు జరిగింది. ఫుసాయె గారు బిస్కెట్ల పొట్లంతో సహా గుమ్మంలో నిలబడ్డారు. "ఏ కవరు?! నన్ను చంపేసింది చాలక, కవరు దాచావా? నా పులుసు సముద్రమా?"

"అమ్మా, ఇది పరీక్ష, మీరు బయట..." అంటున్నారు మినొవా గారు.

అప్పుడు సోనొబె గారు బ్యాండేజీ చుట్టిన వేలు ఎత్తి, ఫుసాయె గారి వైపు చూపించి, కసరకుండా, మెత్తగా అన్నారు. "ఫుసాయె గారూ, ఏడు సెకన్లు ఆగండి."

ఊళ్లో ఆవిడ మెత్తగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. ఫుసాయె గారు నోటిలో బిస్కెట్ అలాగే ఉంచుకుని ఆగిపోయారు. మేమందరం ఆగిపోయాం. వాన చప్పుడు ఒక్కటే. మినొవా గారు స్టాప్‌వాచీ నొక్కడం మర్చిపోయారు.

"రేపు తెరుస్తానండీ," అన్నాడు ఇవాసె గారు చివరికి. "ఇక్కడికే తెచ్చి, మీ ముందే తెరుస్తాను."

తన నోటితో తానే చెప్పాడు. మినొవా గారి పెన్సిలు పెద్ద గుర్తు పెట్టడానికి కాగితం మీదకు దిగింది. అక్కడితో ఆపి ఉంటే సోనొబె గారు గట్టెక్కేవారు.

"రేపా?" అన్నారు సోనొబె గారు. "రేపేమిటి రేపు? ఇన్ని వారాలు విగ్గుల కింద పెట్టి ఇంకా రేపంటావా? బుద్ధుందా నీకు? కానీ నాకు తెలియక అడుగుతాను, తెరవకపోతే లోపలి అంకెలు తగ్గుతాయా? ఆ రామెన్ మానెయ్! ఆ పులుసు మానెయ్! ఆ ఊరగాయలు మానెయ్! ఫుసాయె గారూ, మీరూ ఆ మిసో తగ్గించండి, మార్చిలోనే చెప్పాను! వెళ్లి కవరు తీసుకురండి, ఇప్పుడే!"

మినొవా గారి పెన్సిలు వరసగా అడ్డగీతలు గీసుకుంటూ పోయింది. 'కానీ' ఒకటి. 'మానెయ్' మూడు. వేలు, లెక్కలేనన్ని సార్లు. బ్యాండేజీ ఎప్పుడో ఊడి కిందపడింది.

ఇవాసె గారు కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అమ్మయ్య! తిట్టారు. మీరు అంత మంచిగా కూర్చుని వింటుంటే, నా ఫలితాలు మీకు ముందే తెలిసిపోయాయనుకున్నానండీ. నేను పోతున్నానేమో, అందుకే జాలిపడుతున్నారేమో అనుకున్నాను. తిట్టారంటే బతుకుతాను."

ఫుసాయె గారు వానలో సైకిలు మీద వెళ్లి కవరు తెచ్చారు. దాని మీద యుద్ధవీరుడి జుట్టు నాలుగు పోగులు అంటుకుని ఉన్నాయి. సోనొబె గారే తెరిచారు. నడుం తొంభై ఎనిమిది. రక్తపోటు బాగా ఎక్కువ, డాక్టరు దగ్గరకు వెంటనే వెళ్లాలి. చక్కెర అంచు మీద ఉంది. మందులతో, తిండితో దారికొచ్చే వ్యవహారమే.

"అంతేనా?" అన్నాడు ఇవాసె గారు. కొంచెం నిరాశపడ్డట్టు కూడా అనిపించింది.

సాయంత్రం మినొవా గారు మార్కులు చదివారు. నాకు ముప్పైకి ఇరవై నాలుగు. సోనొబె గారికి పదిహేడు.

"సోనొబె గారూ, కుసునొకి గారికి మీరు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు."

"ఆయన మధ్యలోనే లేచి వెళ్లిపోయాడమ్మా. ఆ కుర్చీలో ఇవాసె వచ్చి కూర్చున్నాడు. ఎవరు కూర్చుంటే వాళ్లతోనేగా మాట్లాడాలి?"

మినొవా గారు ఆ మాట యథాతథంగా ఫైల్లో రాసుకున్నారు. తర్వాత, రోగి వేషం వేసిన మనిషి విడిగా నింపాల్సిన చీటీలు రెండూ బల్ల మీద పెట్టారు. 'ఈ ఉద్యోగి చెప్తే అలవాట్లు మార్చుకుంటారా?' అన్నది ప్రశ్న. నా చీటీ మీద ఇవాసె గారు, 'చిలుక మంచిదే. దాని సొంత మాట ఒక్కటీ వినపడలేదు,' అని రాశాడు. సోనొబె గారి చీటీ మీద, 'మార్చుకోకపోతే ఆవిడ ఇంటికొస్తుంది,' అని రాశాడు.

ఇద్దరిలో గెలిచింది నేనే. కానీ ఆ చీటీ చదివాక ఇంటికెళ్లి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

నిబంధన నిబంధనే కనక, డిసెంబరులో మళ్లీ పరీక్ష పెట్టేదాకా సోనొబె గారు పోస్టర్లు చుట్టారు. చుట్టినవాటిని పంచే మిషతో ఊరంతా తిరిగారు. అందులో వారానికి రెండుసార్లు చెప్పుల కొట్టు. ఇవాసె గారు మందులు మొదలుపెట్టాడు. రామెన్ తింటాడు గానీ పులుసు వదిలేస్తాడు. ఫుసాయె గారు పులుసులో కలిపే ఉప్పటి మిసో ముద్ద సగానికి తగ్గించారు. అది ఉప్పు గురించా, సముద్రమన్నందుకు శిక్షా అన్నది ఆవిడ చెప్పలేదు. జనంతో మాట్లాడే పనంతా నా మీద పడింది. ఒకరోజు తోఫు అకుత్సు గారు తన గ్లాసు గురించి చెప్తుంటే, 'అన్నమాట' అనబోయి నాలుక కరుచుకుని, "ఎంత గ్లాసండీ? చేత్తో చూపించండి," అన్నాను. ఆయన చూపించాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు మేము ప్లాస్టిక్ చేప వైపు చూడలేదు.

నవంబరు ఉత్సవంలో ఇవాసె గారికి కవచం పట్టింది. ఊపిరి కూడా పట్టింది. దాంతో ఆయన ఆ ఏడు పదకొండు నిమిషాలు చచ్చాడు. బాణం తగిలి పడ్డాడు, లేచాడు, ఊరికి వీడ్కోలు చెప్పాడు, పడ్డాడు, గుర్రానికి వీడ్కోలు చెప్పడానికి మళ్లీ లేచాడు. మొదటి వరసలో రక్తపోటు చూసే మిషన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సోనొబె గారు, "ఇంక చాలు, పోవయ్యా!" అని అరిచేదాకా చావలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎవరి కోసమో నాకు తెలియదు.

డిసెంబరులో మంచు పడుతుండగా నగరం నుంచి నిజంగానే నటించే మనిషి వచ్చింది. యాభై ఏళ్లావిడ, నెమ్మదస్తురాలు, కాగితంలో ఉన్నదానికన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. సోనొబె గారు ఇరవై నిమిషాలూ గొంతు ఎత్తలేదు. వేలు ఎత్తలేదు. ఇరవై మూడు మార్కులు వచ్చాయి.

మినొవా గారు ఫైలు మూసి, కోటు వేసుకుంటూ, అధికారం పక్కనబెట్టి అడిగారు. "ఇంత ఓపికగా ఎలా విన్నారండీ ఈసారి? మనసులో ఏమనుకుంటూ కూర్చున్నారు?"

"తిడుతూ కూర్చున్నానమ్మా," అన్నారు సోనొబె గారు. "మొదటి నుంచి చివరిదాకా, ఒక్క తిట్టు కూడా వదలకుండా. బయటికి రాకుండా తిట్టడం ఇన్నాళ్లకు పట్టుబడింది."